ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర?

మా అక్క మనవడు రెండో తరగతి చదువుతున్నాడు. మొన్న వాడి ప్రోగ్రెస్ కార్డు ఇంటికొచ్చింది. మార్కులు బాగానే ఉన్నాయి. కింద 'ప్రవర్తన' అన్న గడిలో టీచరమ్మ ఎర్ర సిరాతో రెండు ముక్కలు రాసింది: 'దుడుకు స్వభావం. మాట వినడు.' అక్క ఆ కార్డు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "వీడు దుడుకేమిట్రా? పొద్దున్నే నా కళ్లజోడు వెతికి చేతికిచ్చేది వీడే. నేను మాత్ర వేసుకునేదాకా పక్కనుంచి కదలడు. ఇంకెవరి కార్డో మనకొచ్చిందేమో చూడరా" అంది. కార్డు వాడిదే. టీచరమ్మ రాసినదాంట్లో అబద్ధం లేదు, అక్క మాటలోనూ లేదు. నలభై మంది పిల్లల గదిలో ఆమె చూసిన పిల్లవాడూ, వంటింటి గుమ్మం దగ్గర అక్క చూసిన పిల్లవాడూ ఒక్కడే. మరి వాడి అసలు స్వభావం ఏది?

మనస్తత్వ శాస్త్రంలో వ్యక్తిత్వాన్ని అధ్యయనం చేసేవాళ్లు సరిగ్గా ఈ ప్రశ్న మీద దాదాపు ఇరవై ఏళ్లు వాదులాడుకున్నారు. 1968లో ఒక పుస్తకంతో ఆ వాదం రాజేసినవాడు వాల్టర్ మిషెల్. పేరు చెబితే మనలో చాలామందికి తెలియకపోవచ్చు. 'పిల్లల ముందు మిఠాయి పెట్టి, నేనొచ్చేదాకా ఆగితే రెండోది ఇస్తానన్న పరీక్ష' అంటే మాత్రం తెలియనివాళ్లు తక్కువ. పుస్తకాల షాపులో వ్యక్తిత్వ వికాసం అరలోనూ, కాలేజీ సభల ప్రసంగాల్లోనూ, వాట్సాప్‌లో చుట్టాల గ్రూపుల్లోనూ ఆ కథ తిరుగుతూనే ఉంటుంది. ఆగిన పిల్లలు పైకొచ్చారట, ఆగలేనివాళ్లు వెనకబడ్డారట, నాలుగేళ్లకే జాతకం తేలిపోయిందట. ఆయన రాసినవి చదివినకొద్దీ నాకు బాధ కలిగించే సంగతి ఇదే. స్వభావం నుదుటి రాత కాదని చూపించడానికి జీవితమంతా పనిచేసిన మనిషి పేరు మీదే, నుదుటి రాత అన్న మాట చెలామణి అవుతోంది.

మిషెల్ 1930 ఫిబ్రవరి 22న వియన్నాలో పుట్టాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇల్లు వాళ్లింటికి నడిచి వెళ్లేంత దూరం. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. యూదు కుటుంబం, పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ఉన్నదంతా వదిలేసి అమెరికా చేరారు. వియన్నాలో వ్యాపారం చేసిన తండ్రి బ్రూక్లిన్‌లో చవక సరుకుల చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఊరు, భాష, హోదా మారిపోతే తెలిసిన మనుషులే వేరేలా కనిపిస్తారని ఆ వయసులోనే చూసినవాడు, తరవాత అలాంటి ప్రశ్నలే వేశాడంటే ఆశ్చర్యం లేదు.

న్యూయార్క్‌లోనే చదువుకున్నాడు. ఫ్రాయిడ్ అంటే మక్కువ. ఎం.ఏ. రోజుల్లో లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో సోషల్ వర్కర్‌గా చేరి, పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పేద పిల్లల మధ్య తిరిగాడు. ఆ పిల్లలకి ఫ్రాయిడ్ సిద్ధాంతం వల్ల ఒరిగేది ఏమీ కనిపించలేదు. ఆ అసంతృప్తితోనే ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి 1956లో డాక్టరేట్ తీసుకున్నాడు. అక్కడ ఆయనకి ఇద్దరు గురువులు దొరికారు. మనిషి ఏం చేస్తాడన్నది, చేస్తే ఏం దక్కుతుందని ఆశిస్తున్నాడు, దక్కేదానికి ఎంత విలువ ఇస్తున్నాడు అన్న రెంటి మీద ఆధారపడి ఉంటుందన్నాడు జూలియన్ రాటర్. ప్రతి మనిషీ తన లోకాన్ని అర్థం చేసుకోవడానికి తంటాలు పడే శాస్త్రవేత్తే, అతని అద్దాల్లోంచి చూడకుండా అతన్ని అంచనా కట్టొద్దన్నాడు జార్జ్ కెల్లీ. మిషెల్ ఏం చేసినా ఈ ఇద్దరి ముద్ర కనిపిస్తుంది.

మిఠాయి పరీక్ష కాలిఫోర్నియాలో పుట్టిందని అందరూ అనుకుంటారు. దాని మూలం కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఉంది. 1950లలో మిషెల్ వేసవి సెలవులకి ఆ దీవి దక్షిణాన ఒక ఊరికి వెళ్లేవాడు. వెళ్లింది అక్కడి పూనకాల ఆరాధన చూడటానికి. ఆ ఊళ్లో రెండు వర్గాలు పక్కపక్కనే కాపురం ఉండేవి. ఒకటి ఆఫ్రికా సంతతి. రెండోది 1845 నుంచి చెరకు తోటల కూలికి మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతతి. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మదరాసు రేవు నుంచి వెళ్లారు. ఒకరి గురించి ఒకరు చెప్పుకునే మాటలు మిషెల్ చెవిన పడ్డాయి. వాళ్లకి రేపన్న ధ్యాసే లేదు, ఈ పూట సరదాగా గడిస్తే చాలు అని భారత సంతతివాళ్లు. వీళ్లు బతకడం ఎరగరు, పైసా పైసా పరుపు కింద దాచుకోవడమే అని ఆఫ్రికా సంతతివాళ్లు.

మిషెల్ ఆ మాటలు నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. బడికి వెళ్లి ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని అడిగాడు. చిన్న మిఠాయి ఇప్పుడే తీసుకుంటావా, పెద్దది కావాలంటే వచ్చే వారం దాకా ఆగుతావా? రెండు వర్గాల మధ్య తేడా కనిపించింది. కానీ లెక్క లోతుకి వెళ్లేసరికి జాతి కంటే ముఖ్యమైనది ఇంకొకటి తేలింది. ఇంట్లో తండ్రి ఉన్నాడా లేడా? తండ్రి లేని ఇళ్ల పిల్లలు ఎక్కువగా ఇప్పటి మిఠాయే తీసుకునేవాళ్లు. తండ్రి లేని ఇళ్లు ఆఫ్రికా సంతతిలో ఎక్కువ. 1958లో అచ్చైన ఆ చిన్న పేపర్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నాకు ఆయన పనిలో అన్నిటికన్నా విలువైనవాటిలో ఒకటి అనిపిస్తుంది. వచ్చే వారం తెస్తానన్న కొత్త మనిషి మాట ఆ పిల్లవాడు ఏ ధైర్యంతో నమ్మాలి? మాట ఇచ్చిన పెద్దవాళ్లు తిరిగి రావడం వాడి అనుభవంలో ఉందా? ఓర్పు అని మనం పేరు పెట్టినదాంట్లో నమ్మకం పాలు ఎంతో ఆ ఊరి బడిలో లెక్కకొచ్చింది.

అక్కణ్నుంచి కొలరాడో, తరవాత హార్వర్డ్. హార్వర్డ్‌లో ఉండగా ఇంకో పాఠం దొరికింది. అమెరికా ప్రభుత్వ సేవా సంస్థ పీస్ కోర్ నైజీరియాకి టీచర్లుగా పంపబోయే యువతీ యువకుల్లో ఎవరు బాగా పనిచేస్తారో ముందే చెప్పడానికి ప్రయత్నం జరిగింది. శిక్షకులు మార్కులు వేశారు, ఇంటర్వ్యూలు చేశారు, నిపుణుల బోర్డు కూర్చుని తేల్చింది. చివరికి నైజీరియాలో వాళ్ల పనితీరుతో పోల్చి చూస్తే ఆ అంచనాలు దాదాపు ఎందుకూ కొరగాలేదు. కాస్తో కూస్తో పనికొచ్చింది వాళ్ల గురించి వాళ్లే నింపిన సాదా ప్రశ్నావళి. 1965లో ఈ ఫలితం అచ్చయ్యేనాటికి మిషెల్ స్టాన్‌ఫోర్డ్‌లో ఉన్నాడు. మనుషుల్ని కొలిచే పరికరాలు నిజంగా ఏం కొలుస్తున్నాయన్న ప్రశ్నతో, అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా ముందేసుకుని కూర్చున్నాడు.

అప్పటి శాస్త్రం ఏం నమ్మేదో ఒక్క సామెతలో చెప్పొచ్చు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. నిజాయితీ, దుడుకుతనం, బిడియం ఎత్తు బరువుల్లాగా మనిషిలో స్థిరంగా ఉండే లక్షణాలనీ, వాటిని కొలిస్తే రేపు ఏం చేస్తాడో చెప్పొచ్చనీ నమ్మకం. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఒడ్బర్ట్ ఇంగ్లీషు నిఘంటువు గాలించి, మనిషి తీరును చెప్పే మాటలు దాదాపు 18,000 పోగుచేశారు. ఆ మాటలన్నిటి వెనకా మూలమైన గుణాలు కొన్నే ఉంటాయని, అవేమిటో తేల్చడమే తమ పని అని ఎంతోమంది అనుకున్నారు.

మిషెల్ 1968 పుస్తకం ఈ నమ్మకాన్ని ఒక అంకె ముందు నిలబెట్టింది. ఆ అంకె 0.30. రెండు విషయాలు కలిసి నడుస్తాయా లేదా చెప్పే కొలత సహసంబంధం. ఏ పొత్తూ లేకపోతే సున్నా, పూర్తిగా కలిసి నడిస్తే ఒకటి. ప్రశ్నావళిలో తేలిన గుణానికీ, నిజంగా ఒక సందర్భంలో మనిషి చేసిన పనికీ మధ్య సహసంబంధం ఎక్కడ చూసినా 0.30 దగ్గరే ఆగిపోతోందని మిషెల్ చూపించాడు. బొమ్మా బొరుసూ వేసి మనుషుల్ని అంచనా కడితే వందకి 50 సార్లు నిజమవుతుంది. 0.30 ఉంటే దాదాపు 65 సార్లు నిజమవుతుంది. 15 పెరిగిందన్నమాట. ఎందుకూ పనికిరానిది కాదు, కానీ ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడానికో, ఒక పిల్లవాడి కార్డు మీద ఎర్ర సిరాతో రాయడానికో సరిపోతుందా?

ఆయన ఎత్తి చూపిన పాత ఆధారాల్లో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు 1920లలో వేలాది బడిపిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి. పిల్లలకి మోసం చేసే అవకాశాలు రకరకాలుగా కల్పించారు. జవాబులు తామే దిద్దుకునే పరీక్ష పెట్టారు, డబ్బులు చేతికి అందేలా ఉంచారు, అబద్ధం చెప్పి తప్పించుకునే వీలు ఇచ్చారు. లెక్కల పరీక్షలో మోసం చేసినవాడు డబ్బు జోలికి పోలేదు. డబ్బు తీసినవాడు ఆటలో నిక్కచ్చిగా ఉన్నాడు. వీడు నిజాయితీపరుడు, వీడు దొంగ అని రెండు వరసలుగా పిల్లల్ని విడదీయడం కుదరలేదు.

అవతలి పక్షం ఊరుకోలేదు, ఊరుకోవలసిన పనీ లేదు. సేమూర్ ఎప్‌స్టీన్ 1979లో ఇచ్చిన జవాబు బలమైనది. దాన్ని క్రికెట్‌తో చెప్పుకుంటే సులువు. ఒక ఇన్నింగ్స్ చూసి బ్యాట్స్‌మన్ సత్తా చెప్పలేం. గొప్పవాడూ సున్నాకి అవుటవుతాడు. యాభై ఇన్నింగ్స్ సగటు తీస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అలాగే మనిషి ఒక్క పనిని కాకుండా, చాలా రోజుల పనులు కలిపి చూస్తే గుణం నిలకడగానే ఉంటుందని ఆయన లెక్కలతో చూపించాడు. 1983లో డేవిడ్ ఫండర్, డేనియల్ ఓజర్ ఇంకో పని చేశారు. మనుషులు సందర్భానికి లొంగిపోతారని చెప్పే ప్రసిద్ధ ప్రయోగాల ఫలితాలను కూడా అదే సహసంబంధం కొలతలోకి మార్చారు. అవీ 0.40 దగ్గరే తేలాయి. సందర్భం కూడా మనిషిని పూర్తిగా ఆడించదన్నమాట. ఈలోపు ఆ 18,000 మాటల గుట్టను వడకట్టగా వడకట్టగా ఐదు మూల గుణాలు మిగిలాయి. కొత్తదనం పట్ల ఆసక్తి, శ్రద్ధ, కలుపుగోలుతనం, సౌమ్యత, ఆందోళన. ఈరోజు వ్యక్తిత్వ పరిశోధన ఎక్కువగా ఆ ఐదింటి చుట్టూ తిరుగుతోంది. మిషెల్ అనుకున్నదానికన్నా గుణాలు గట్టివని ఒప్పుకోవలసిందే.

కానీ సగటు తీసినప్పుడు ఒకటి పోతుంది. అది పోనివ్వకూడదని మిషెల్ పట్టుబట్టాడు. అదేమిటో చెప్పేముందు ఆ మిఠాయి గదిలోకి వెళ్లాలి.

స్టాన్‌ఫోర్డ్ క్యాంపస్‌లో బింగ్ నర్సరీ స్కూల్ అని ఒక శిశువిహారం ఉంది. అక్కడ ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక కుర్చీ, పళ్లెంలో పిల్లవాడు తానే ఎంచుకున్న తినుబండారం. కొందరికి అది మార్ష్‌మాలో, అంటే పంచదార, జెలటిన్‌తో చేసే దూదిలాంటి తెల్లటి మిఠాయి. అదే కాదు, కొందరికి బిస్కెట్లు, కొందరికి ఉప్పు పుల్లల్లాంటి ప్రెట్జెల్స్. పక్కన ఒక గంట. నేను బయటికెళ్లి వస్తాను, వచ్చేదాకా ఆగితే రెండు నీవి. ఆగలేకపోతే గంట కొట్టు, వెంటనే వస్తాను, కానీ అప్పుడు ఒకటే. నాలుగేళ్ల పిల్లలకి పావుగంట చాలా పెద్దది. ఇవతలివాళ్లకి మాత్రమే కనిపించే అద్దం వెనక మిషెల్ బృందం చూస్తూ కూర్చునేది. ఒక పాప రెండు చేతులతో కళ్లు మూసుకుంది. ఒకడు కుర్చీని గోడవైపు తిప్పేసుకున్నాడు. ఒకరు పాట కట్టి పాడుకున్నారు, ఒకరు జడ లాక్కున్నారు, ఒకరు మిఠాయిని బొమ్మలాగా నిమిరారు. ఒక బాబు అటూ ఇటూ చూసి, క్రీము బిస్కెట్ విడదీసి, మధ్యలో తెల్లటిది నాకేసి, రెండు ముక్కలూ అతికించి పళ్లెంలో యథాస్థానంలో పెట్టాడు.

మిషెల్ వెతికింది ఏ పిల్లవాడు గట్టివాడని కాదు. ఏం మార్చితే ఆగడం తేలికవుతుంది? 1970లో ఎబ్బీ ఎబెసన్‌తో కలిసి చేసిన ప్రయోగంలో తినుబండారం కళ్లెదురుగా ఉన్న పిల్లలు సగటున ఒక్క నిమిషం ఆగారు. పళ్లెం కనిపించకుండా తీసేస్తే అదే వయసు పిల్లలు సగటున పదకొండు నిమిషాలు ఆగారు. తరవాతి ప్రయోగాల్లో పళ్లెం ఎదురుగానే ఉంచి, ఆలోచన మాత్రం మార్చమన్నారు. ఆ మార్ష్‌మాలోని మబ్బు తునక అనుకో, ప్రెట్జెల్‌ని చిన్న దుంగ అనుకో, ఎదురుగా ఉన్నది ఫోటో అనుకుని చుట్టూ ఫ్రేము కట్టేసుకో. అంతే, నిమిషంలో గంట కొట్టే వయసు పిల్లలు చాలాసేపు కూర్చున్నారు. అదే నాలిక మీద కరిగే తీపిని తలుచుకోమంటే చేయి గంట మీదికి పోయింది. పిల్లల పుట్టుక మారలేదు, పెంపకమూ మారలేదు. ఒక్క వాక్యం చెప్పారు, అంతే. సంకల్పబలం అని మనం కొలిచేది ఇంత తేలిగ్గా పెరగగలదా అని, ఆ పేపర్లు మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను.

జాతకం కథ ఇక్కడ మొదలైంది కాదు. మిషెల్ ముగ్గురు కూతుళ్లూ ఆ బింగ్‌లోనే చదివారు. ఏళ్ల తరవాత భోజనాల దగ్గర, ఫలానా అబ్బాయి ఎలా ఉన్నాడు, ఫలానా అమ్మాయి ఏం చేస్తోంది అని అడుగుతుంటే, అప్పట్లో ఎక్కువసేపు ఆగినవాళ్లకీ ఇప్పుడు బాగా చదువుతున్నవాళ్లకీ ఏదో పొత్తు ఉందని తట్టింది. వెతికి పట్టుకుని ఉత్తరాలు రాశారు. యూయిచి షోడా, ఫిలిప్ పీక్‌తో కలిసి 1990లో అచ్చువేసిన ఫలితంలో ఆగిన సమయానికీ కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష మార్కులకీ గట్టి సంబంధం కనిపించింది. ప్రపంచం పట్టుకుంది ఈ ఒక్క వాక్యాన్నే. ఆ శాట్ లెక్క 35 మంది పిల్లలది మాత్రమే. ఆ సంబంధం కనిపించింది పళ్లెం ఎదురుగా ఉండి, ఏ చిట్కా చెప్పనప్పుడు మాత్రమే. పళ్లెం దాచినప్పుడు, చిట్కా నేర్పినప్పుడు, ఆగిన సమయం భవిష్యత్తు గురించి ఏమీ చెప్పలేదు. అంటే ఆ పరీక్ష పట్టుకున్నది, ఎవరూ నేర్పకుండా తమంతట తామే చిట్కా కనిపెట్టుకున్న పిల్లల్ని. మిగతావాళ్లకి అది నేర్పొచ్చని అదే గదిలో ఆయనే చూపించాడు కదా.

1983లో మిషెల్ కొలంబియా యూనివర్సిటీకి వచ్చాడు. షోడా, జాక్ రైట్‌తో కలిసి న్యూ హాంప్‌షైర్‌లో వెడికో అనే వేసవి శిబిరంలో చేసిన పని, నా దృష్టిలో, ఆయన మొత్తం కృషికి గుండెకాయ. ఇళ్లల్లో, బడుల్లో వేగలేక పంపించిన పిల్లలు వాళ్లు. చాలామంది మీద 'దుడుకు' అన్న ముద్ర అప్పటికే పడింది. ఆరు వారాలు, చెరువు దగ్గర, భోజనాల దగ్గర, పనిముట్ల గదిలో, ఒక్కో పిల్లవాణ్ని సగటున 167 గంటలు గమనించి రాసుకున్నారు. కసిరాడా, తిట్టాడా అని మాత్రమే రాయలేదు. దానికి ముందు ఏం జరిగిందో రాశారు. తోటివాడు స్నేహంగా దగ్గరికొచ్చాడా, తోటివాడు ఏడిపించాడా, పెద్దవాళ్లు మెచ్చుకున్నారా, పెద్దవాళ్లు హెచ్చరించారా, పెద్దవాళ్లు శిక్షించారా? ఈ ఐదు సందర్భాలు.

ఇద్దరు పిల్లల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. సగటున ఇద్దరూ ఒకే మోతాదులో తగువులు పడ్డారు. ప్రోగ్రెస్ కార్డు అయితే ఇద్దరికీ ఒకే ముక్క రాస్తుంది. కానీ ఒకడు పెద్దవాళ్లు హెచ్చరించినప్పుడే రెచ్చిపోతాడు, తోటివాళ్లతో పేచీ లేదు. రెండోవాడు పెద్దవాళ్ల మాట బుద్ధిగా వింటాడు, తోటివాడు దగ్గరికి వస్తే చాలు, స్నేహంగా వచ్చినా సరే, విరుచుకుపడతాడు. ఇది ఒకరోజు జరిగి పోయేది కాదు. వారం తరవాత వారం ప్రతివాడి తీరూ అలాగే నిలిచింది. ఇలా అయితే ఇలా, అలా అయితే అలా అనే ఈ అల్లికను వాళ్లు మనిషి సంతకం అన్నారు. సగటు తీస్తే పోయేది ఈ సంతకమే. 1995లో మిషెల్, షోడా కలిసి దీన్ని పూర్తి సిద్ధాంతంగా రాశారు. మనిషిలో నిలకడ ఉంది, కానీ అది ఒక్క గుణం మోతాదులో లేదు. ఏ సందర్భాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు, ఏది వస్తుందని ఆశిస్తాడు, ఏది చూసి భయపడతాడు, ఎలాంటి ఉపాయం చేతనవును అన్న వాటి మధ్య కట్టుకున్న వలలో ఉంది. రాటర్, కెల్లీ ఇద్దరూ ఇక్కడ పక్కపక్కన కనిపిస్తారు. పుడకల సామెత ఉన్న మన భాషలోనే 'ఇంట్లో పులి, వీధిలో పిల్లి' కూడా ఉంది. ఆ రెండోది ఇరవై ఏళ్ల వాదం తరవాత శాస్త్రం చేరుకున్న చోటు.

అక్కకి ఇదంతా చెప్పలేదు. ఒక్కటే అన్నాను, "వాడు ఎప్పుడు దుడుకుగా ఉంటాడో టీచరమ్మని కనుక్కుందాం అక్కా." కనుక్కుంటే తేలింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, పక్కవాడు వీడి పెన్సిలో రబ్బరో అడక్కుండా తీసుకున్నప్పుడు. మిగతా వేళల్లో ఇబ్బంది లేదన్నది ఆవిడే. స్వభావం అన్న మాటతో ఏమీ చేయలేం. పెన్సిల్ డబ్బా సంగతి అయితే చూసుకోవచ్చు.

మిఠాయి ప్రయోగాన్ని తరవాత చాలామంది మళ్లీ చేశారు. సెలెస్ట్ కిడ్ బృందం 2013లో పరీక్షకి ముందే పిల్లలకి ఒక మాట ఇచ్చింది. మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తాను ఉండు అని. సగం మందికి తెచ్చిచ్చారు. మిగతా సగం మందికి, ఏమీ దొరకలేదమ్మా అని చేతులు చూపించారు. ఆ తరవాత మిఠాయి పెట్టారు. మాట నిలబడ్డ పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన పిల్లలు మూడు నిమిషాలు. ట్రినిడాడ్ బడిలో తండ్రి లేని పిల్లవాడు చెప్పిన సంగతే ఇది, 55 ఏళ్ల తరవాత. 2018లో టైలర్ వాట్స్ బృందం 918 మంది పిల్లల వివరాలతో చూసింది. చిన్నప్పుడు ఆగిన సమయానికీ పదిహేనేళ్ల వయసులో చదువుకీ సంబంధం పాత పేపర్లో కన్నా సగమే ఉంది. ఇంటి ఆర్థిక పరిస్థితి, తల్లిదండ్రుల చదువు, పిల్లవాడి అంతకుముందు తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. ఇది మిషెల్ ఓటమి అని రాసినవాళ్లున్నారు. జాతకం కథకి ఓటమి అంటే ఒప్పుకుంటాను. మనిషిని ఇంటి నుంచీ సందర్భం నుంచీ వేరుచేసి కొలవొద్దని 1968లో అన్నవాడికి అది ఓటమి ఎలా అవుతుంది?

కామెరూన్‌లో ఎన్‌సో రైతు కుటుంబాల పిల్లల మీద చేసిన ఇదే తరహా పరీక్షలో 70 శాతం మంది ఆగారు, జర్మనీ పిల్లల్లో 30 శాతం కూడా ఆగలేదు. జపాన్ క్యోటోలో పిల్లలు తిండి విషయంలో చాలాసేపు ఆగారు, కాగితం చుట్టిన బహుమతి విషయంలో అంతగా ఆగలేదు. అమెరికా పిల్లలు సరిగ్గా తలకిందులు. జపాన్‌లో అందరూ కూర్చునేదాకా తినకపోవడం రోజూ జరిగేది. అమెరికాలో పండగ దాకా బహుమతి విప్పకపోవడం అలవాటు. ఇది చదువుతుంటే వినాయక చవితి పూట మన ఇళ్లు గుర్తొచ్చాయి. ఉండ్రాళ్లు, కుడుములు ఆవిర్లు కక్కుతూ పిల్లల ముక్కు కిందే ఉంటాయి. పూజ, కథ, మంగళహారతి అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు. గంటకి పైగానే పడుతుంది. ఏ శిక్షణా లేని మూడేళ్ల పిల్ల కూడా 'నైవేద్యం ఇంకా అవలేదు' అని తమ్ముడి చేయి పట్టుకుని ఆపుతుంది. అదే పిల్ల సాయంత్రం ఐస్‌క్రీం బండి గంట వినగానే నిలవలేదు. ఏది చూసి ఈ పిల్లకి ఓర్పు ఉందనాలి, ఏది చూసి లేదనాలి?

మిషెల్ 2018 సెప్టెంబర్ 12న న్యూయార్క్‌లో, 88 ఏళ్ల వయసులో చనిపోయాడు. తాను ఓపిక లేని మనిషినని ఎప్పుడూ దాచుకోలేదు. స్టాన్‌ఫోర్డ్‌లో చేరిన కొత్తలో రోజుకి మూడు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు, అది చాలక పైపు, చుట్ట. మానలేకపోయాడు. ఒకరోజు ఆసుపత్రి నడవాలో నడుస్తుంటే ఎదురుగా స్ట్రెచర్ మీద ఒకాయన్ని తోసుకుపోతున్నారు. గుండు గీసిన తల మీద, చొక్కా లేని ఛాతీ మీద ఆకుపచ్చ సిరాతో చిన్న చిన్న ఇంటూ గుర్తులు. ఏమిటవి అని నర్సుని అడిగితే, ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకిపోయింది, రేడియేషన్ ఎక్కడ పెట్టాలో గుర్తులు అని చెప్పింది.

సంకల్పం చెప్పుకుని ఊరుకోలేదు. మిఠాయి గదిలో పిల్లలకి నేర్పినదానికి తలకిందులైన పని తన మీద చేసుకున్నాడు. అక్కడ ఎదురుగా ఉన్న తీపిని మబ్బుగా మార్చమన్నాడు, ఇక్కడ ఎక్కడో ముప్పై ఏళ్ల తరవాత రావలసిన చావుని కళ్లెదుటికి తెచ్చుకున్నాడు. పొగ మీద మనసు పోయినప్పుడల్లా ఆ ఆకుపచ్చ గుర్తులు తలుచుకునేవాడు. కాల్చి పారేసిన పీకలు నింపిన డబ్బా మూత తీసి వాసన పీల్చేవాడు. అప్పటికి ఆయన కూతుళ్లలో ఒకరికి మూడేళ్లు, ఇంకా బొటనవేలు చప్పరిస్తోంది. తండ్రీ కూతురూ ఒక ఒప్పందం చేసుకున్నారు. నువ్వు వేలు మానెయ్, నేను పైపు మానేస్తాను. ఇద్దరూ మానేశారు.